చిక్కుముడిని వారినే విప్పనిద్దాం

పొడుపు కథ వినకుండా పెరిగిన తెలుగువారు మా తరంలో లేరంటే అతిశయోక్తి కాదు. వేసవి రాత్రులలో వాకిట్లో మంచాలు వాల్చుకుని, కరెంటు పోయిన చీకటిలో పెద్దవారు ఒక పొడుపు వేసేవారు. పిల్లలమంతా విడుపు కోసం తలలు బద్దలు కొట్టుకునేవాళ్ళము. కొబ్బరికాయ మీద, కంటిరెప్పల మీద, ఉల్లిపాయ మీద, వేరుశనగకాయ మీద, ఇలా ఇంట్లో కనిపించే ప్రతి వస్తువు మీదా ఒక పొడుపు ఉండేది. పొడుపుకూ విడుపుకూ మధ్య ఇంత కాలమే ఉండాలన్న నియమమేదీ లేదు. మా అమ్మగారు ఒక్కొక్కసారి రెండు రోజులు గడిచినా విడుపు చెప్పేవారు కాదు. "ఓడిపోయామని ఒప్పుకోండి, చెబుతాను" అనేవారు. ఒప్పుకోవడానికి మాకు మనసు వచ్చేది కాదు. బడికి వెళుతూ అదే ఆలోచన, స్నానం చేస్తూ అదే ఆలోచన.

ఆ రెండు రోజుల విలువ తెలుసుకోవడానికి మాకు ఒక ఇంజనీరింగ్ పట్టా, ఇన్నేళ్ళ ఉద్యోగం, ఒక పెద్ద పొరపాటు అవసరమయ్యాయి. ఆ పొరపాటును దాచుకోకుండా చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం. చిన్న పిల్లలున్న మన ఉద్యోగుల కుటుంబాలకు ఇది కొంతైనా ఉపయోగపడితే మా శ్రమ ఫలించినట్లే.

పటం పెట్టె

2004లో సెలవులకు హైదరాబాదు వెళ్ళినప్పుడు కోఠీలో మా అబ్బాయికి ఒక అట్టపెట్టె కొన్నాము. అందులో భారతదేశ పటం రాష్ట్రానికొక ముక్కగా కత్తిరించి ఉన్నది. ముక్కలన్నీ సరిగా అమర్చితే దేశం అవుతుంది. ఇటువంటి ఆట వస్తువులకు మూలం కూడా పటమేనని తరువాత చదివాము. 1760 ప్రాంతంలో లండన్ నగరంలో జాన్ స్పిల్స్‌బరీ అనే ఆయన, పటాలు చెక్కడం వృత్తిగా గలవాడు, పటాన్ని పలుచని చెక్కకు అతికించి సరిహద్దుల వెంబడి కోసి, పిల్లలకు భూగోళం నేర్పడానికి అమ్మేవాడట.

మా వాడికప్పుడు ఏడేళ్ళు. నేల మీద బోర్లా పడుకుని గుజరాత్ ముక్కను నాలుగు వైపులా తిప్పి చూసేవాడు. చుట్టూ ఉన్నవన్నీ కుదిరిన తరువాతే మధ్యప్రదేశ్‌ను మధ్యలో దించేవాడు. ఒకనాడు మేము డ్యూటీ నుంచి వచ్చేసరికి పటం దాదాపు పూర్తయింది. ఒక్క ఖాళీ మిగిలి ఉన్నది. అది మన ఆంధ్రప్రదేశ్. ఆ ముక్క వాడి గుప్పిట్లో ఉన్నది. వాడు ఖాళీ వంక చూస్తూ ఊరికే కూర్చున్నాడు. వాడికి తోచడం లేదని మేము అనుకున్నాము. "ఇంత మాత్రం తెలియదురా? మన రాష్ట్రమే కదా!" అని గుప్పిట విప్పి, ముక్క తీసుకుని, చటుక్కున అమర్చేశాము. "చూశావా, ఎంత తేలికో!" అని కూడా అన్నాము.

వాడు ఏమీ అనలేదు. ముక్కలన్నీ చెదరగొట్టి పెట్టెలో వేసి, ఆడుకోవడానికి బయటికి వెళ్ళిపోయాడు.

అంతటితో ఆగినా బాగుండేది. ఇంటికి ఎవరు వచ్చినా ఆ పెట్టె తెప్పించి, చేతి గడియారం చూస్తూ, మా వాడు ఎన్ని నిమిషాలలో పూర్తి చేస్తాడో చూపించడం మొదలుపెట్టాము. పక్క క్వార్టరు పిల్లవాడు ఇంకా త్వరగా చేశాడని వాడి ఎదుటనే అన్నాము. కొన్నాళ్ళకు ఆ పెట్టె బీరువా పైకి చేరింది. దానిని దింపమని వాడు మళ్ళీ అడగలేదు.

ఇంటర్మీడియట్‌కు వచ్చేసరికి, లెక్క చదవగానే పుస్తకం చివర జవాబుల పేజీ తిప్పడం వాడికి అలవాటైపోయింది. ముందు జవాబు చూసి, దానికి సరిపడే దారి వెతికేవాడు. మార్కులకు లోటు లేదు. లెక్క అంటే ఇష్టం మాత్రం లేదు.

ఆగిపోయిన బెల్టు

వాడు ఇంకా హైస్కూలులో ఉండగా, 2009 వేసవిలో మా ప్లాంటులో బొగ్గు మోసే కన్వేయర్ బెల్టు ఒకటి కారణం తెలియకుండా ఆగిపోతూ వచ్చింది. రీసెట్ చేస్తే నడిచేది, మర్నాడు మళ్ళీ ఆగేది. మేమూ, మాతోటి ఇంజనీర్లూ ముందు రిలే మార్చాము. తరువాత కంట్రోల్ కేబుల్ మార్చాము. ఫలితం లేదు.

పదవీ విరమణకు దగ్గరపడిన ఒక టెక్నీషియన్‌గారు మాత్రం ఏదీ మార్చలేదు. లాగ్‌బుక్ ముందు వేసుకుని, బెల్టు ఆగిన వేళలన్నింటినీ ఒక కాగితం మీద వరుసగా రాసుకున్నారు. రెండు షిఫ్టులు ఆ కాగితంతోనే గడిపారు. చివరకు మా దగ్గరకు వచ్చి, "సార్, దుమ్ము అణచడానికి నీళ్ళు చల్లిన కాసేపటికే ఇది ఆగుతోంది, గమనించారా?" అన్నారు. వెళ్ళి చూస్తే, అత్యవసరంగా బెల్టును ఆపడానికి పక్కన అమర్చే పుల్‌కార్డ్ స్విచ్‌లలో ఒకదాని మూత సరిగా బిగియక, లోపలికి తడి చేరుతున్నది.

ఆయనకన్నా మేము చదివిన శాస్త్రం ఎక్కువే. ఆయనకు ఉండి మాకు లేనిది ఒక్కటే. జవాబు తెలియని స్థితిలో తొందరపడకుండా, భయపడకుండా కూర్చోగలగడం. మేము దేనినో ఒకదానిని మార్చి ఆ స్థితి నుంచి తప్పించుకోవాలని చూశాము. ఆయన అందులోనే నిలిచి, పరిశీలించి, తెలుసుకున్నారు. ఈ ఓర్పును నేర్పే పాఠ్యపుస్తకం మేము చూడలేదు. చిన్ననాడు ఎవరో ఒక చిక్కు ప్రశ్న వేసి, జవాబు చెప్పకుండా వదిలేస్తేనే ఇది అలవడుతుంది.

ఆ రాత్రి ఇంటికి వచ్చి బీరువా పైనున్న పెట్టెను చూసినప్పుడు వాడి గుప్పిట గుర్తుకు వచ్చింది. వాడు ఆ రోజు తెలియక ఆగాడా, లేక మరేదైనా ఉన్నదా అన్న అనుమానం మాకు మొదటిసారి కలిగింది. అడగడానికి ధైర్యం చాలలేదు.

పులి, మేక, గడ్డిమోపు

మరుసటి సంవత్సరం, అంటే 2010లో, మా అమ్మగారు మా దగ్గరకు వచ్చి కొన్ని నెలలు ఉన్నారు. మా అమ్మాయికి అప్పుడు ఏడేళ్ళు. ఒక సాయంత్రం ఆవిడ మనుమరాలికి పులి, మేక, గడ్డిమోపు సమస్య చెప్పారు. ఒక మనిషి ఈ మూడింటినీ ఏరు దాటించాలి. పడవలో అతనితోపాటు ఒకదానికి మాత్రమే చోటు. అతను దగ్గర లేకపోతే పులి మేకను తింటుంది, మేక గడ్డిని తింటుంది. మూడూ క్షేమంగా అవతలి ఒడ్డుకు చేరాలి. ఐరోపాలో ఇదే సమస్య తోడేలు, మేక, క్యాబేజీల రూపంలో వెయ్యేళ్ళకు పైగా ప్రచారంలో ఉన్నది. మన పిల్లలకు మాత్రం పులీ గడ్డిమోపూ లేనిదే తృప్తి ఉండదు.

మేము నోరు తెరవబోయాము. అమ్మగారు మా వంక చూసి, "ఒరేయ్, నువ్వు మాట్లాడకు" అన్నారు. అప్పటికి మేము డిప్యూటీ మేనేజరు హోదాలో ఉన్నాము. అయినా మాట్లాడలేదు.

డబ్బా మూత పడవ అయింది. చింతగింజ మేక, బెండకాయ తొడిమ పులి, కొత్తిమీర రెమ్మ గడ్డిమోపు. మొదటి రోజు ఆటగా గడిచింది. రెండవ రోజు కోపం వచ్చింది. "ఇది అవ్వదు నానమ్మా" అన్నది. "అవ్వకపోతే ఎందుకవ్వదో చెప్పు" అన్నారావిడ. అమ్మాయి ఆలోచించి, మొదట మేకను తప్ప ఇంకేది తీసుకువెళ్ళినా నష్టమేనని, రెండవసారి ఏది తెచ్చినా అవతలి ఒడ్డున మళ్ళీ అదే చిక్కు వస్తుందని వివరించింది. అవ్వదని నిరూపించబోయి సగం సమస్యను తానే పరిష్కరించిందన్న సంగతి ఆ పిల్లకు తెలియదు. మాకు తెలిసింది. నోరు మాత్రం మెదపలేదు.

మూడవ రోజు రాత్రి భోజనం మధ్యలో ముద్ద చేతిలో పట్టుకుని, "నానమ్మా, దాటించినదాన్ని మళ్ళీ వెనక్కి తేవచ్చా?" అని అడిగింది. "తేకూడదని నేను చెప్పానా?" అన్నారు అమ్మగారు. అన్నం వదిలి డబ్బా మూత దగ్గరకు పరుగెత్తింది. మా శ్రీమతి ఎంగిలి చెయ్యి కడుక్కోమని కేకలు వేస్తూనే ఉన్నది. అయిదు నిమిషాల తరువాత లోపలినుంచి వినిపించిన అరుపు మా చెవులలో ఇప్పటికీ ఉన్నది.

వెనక్కి తేకూడదన్న నియమం ఎవరూ పెట్టలేదు. ఆ పిల్ల తనకు తానే పెట్టుకున్నది, తానే తొలగించుకున్నది. మేమే ముందు చెప్పివేసి ఉంటే, ఆ అమ్మాయికి ఒక జవాబు దొరికేది, మూడు రోజుల ఆలోచన పోయేది.

ఆ వారమే ఆ అమ్మాయి సొంతంగా ఒక పొడుపు కట్టింది. రోజూ పొద్దున్నే నాన్నలందరినీ మింగుతుంది, సాయంత్రం ఉమ్మేస్తుంది, ఏమిటది? మన పత్రిక పాఠకులకు విడుపు చెప్పనవసరం లేదు.

మేము నేర్చుకున్నవి

ఈ అనుభవాల వల్ల మాకు తెలిసివచ్చిన కొన్ని సంగతులు తోటి తల్లిదండ్రుల ముందు ఉంచుతున్నాము.

మొదటిది, జవాబును పెద్దలు తమ దగ్గరే ఉంచుకోవాలి. ఇది చెప్పినంత తేలిక కాదు. పిల్లవాడు ఇబ్బంది పడుతూ ఉంటే మన చెయ్యి దానంతట అదే ముందుకు పోతుంది. సాయం చేయవలసివస్తే జవాబు కాక మరొక ప్రశ్న ఇవ్వాలి. "ఇంతవరకు ఏమి తెలిసింది?" అన్న ప్రశ్న చాలా చిక్కులకు సరిపోతుంది.

రెండవది, చిక్కు పిల్లల వయసుకు తగినదై ఉండాలి. మరీ తేలికైతే విసుగు, మరీ కష్టమైతే దిగులు. మూడు నాలుగేళ్ళవారికి పెద్ద ముక్కల బొమ్మలు, గిన్నెకు సరిపడే మూత వెతకడం చాలు. అయిదు దాటితే పొడుపు కథలు, పులి మేక ఆట. ఎనిమిది దాటితే అంకెలతో తమాషాలు. మొదట ఒకటి రెండు గెలిచిన తరువాతే మూడవదానితో కుస్తీ పట్టడానికి ఉత్సాహం కలుగుతుంది. ఉత్సాహం లేని రోజున పక్కన పెట్టేయడంలో తప్పు లేదు.

మూడవది, చేతికి పని ఉండాలి. దీనికి డబ్బు ఖర్చు అక్కరలేదు. వంటింట్లో చిన్నది, మధ్యరకం, పెద్దది అయిన మూడు పళ్ళాలు తీసుకోండి. పెద్దది అడుగున, చిన్నది పైన ఉండేటట్లు ఒకచోట పేర్చండి. మరి రెండు చోట్లు ఖాళీగా ఉంచండి. ఒకసారికి ఒక్క పళ్ళెమే జరపాలి. చిన్నదాని మీద పెద్దది పెట్టకూడదు. దొంతర మొత్తం మరొక చోటికి చేరాలి. ఎడువర్డ్ లూకా అనే ఫ్రెంచి గణితవేత్త 1883లో ప్రచారంలోకి తెచ్చిన ఆట ఇది. మూడు పళ్ళాలకు కనీసం 7 ఎత్తులు కావాలి.

నాలుగవది, గడియారం చూడకూడదు, పక్కింటివారితో పోల్చకూడదు. త్వరగా చేసినందుకు మెచ్చుకుంటే పిల్లలకు తొందర అలవడుతుంది. "ఇది నీకెలా తట్టింది?" అని అడిగితే ఆలోచన అలవడుతుంది.

అయిదవది, పిల్లలు మనకు వేసే చిక్కులకు మనమూ నిజాయితీగా ఓడిపోవాలి. నాన్నకు కూడా వెంటనే తెలియదన్న సంగతి పిల్లలకు గొప్ప ధైర్యాన్ని ఇస్తుంది.

లెక్కలను సరదాగా చెప్పడం మనకు కొత్త కాదు. 1150లో భాస్కరాచార్యులు లీలావతిలో తుమ్మెదల గుంపునూ, నెమలినీ పామునూ తెచ్చి లెక్కలు వేశారు. అంతకు ముందే, 9వ శతాబ్దికి చెందిన మహావీరాచార్యుల గణిత గ్రంథాన్ని 11వ శతాబ్దిలో పావులూరి మల్లన తెలుగు చేశారు. మన భాషలో తొలినాటి పుస్తకాలలో ఒకటి లెక్కల పుస్తకం కావడం మనం గర్వించదగిన విషయం.

దగ్గరి కాలానికి వస్తే, మహారాష్ట్రలోని దేవ్‌లాలీలో బడిపంతులుగా పనిచేసిన కప్రేకర్‌గారు 1949లో ప్రకటించిన తమాషా ఒకటి ఉన్నది. అంకెలన్నీ ఒకటే కాని నాలుగంకెల సంఖ్యను తీసుకోండి. అంకెలను పెద్దనుంచి చిన్నకు, చిన్ననుంచి పెద్దకు రాసి, పెద్ద సంఖ్యలోనుంచి చిన్న సంఖ్యను తీసివేయండి. వచ్చినదానితో మళ్ళీ అదే చేయండి. మధ్యలో మూడంకెలే వస్తే ముందు ఒక సున్న చేర్చండి. ఉదాహరణకు 1947. 9741లో 1479 పోతే 8262. 8622లో 2268 పోతే 6354. 6543లో 3456 పోతే 3087. 8730లో 0378 పోతే 8352. 8532లో 2358 పోతే 6174. ఇక ఎన్నిసార్లు చేసినా 6174 దగ్గరే ఆగుతుంది. ఏ సంఖ్యతో మొదలుపెట్టినా 7 మెట్లకు మించి పట్టదు. మా అమ్మాయి ఇంటిల్లిపాది పుట్టిన సంవత్సరాలతో ఇది చేసి చూసింది. ఒక నోటుపుస్తకం నిండా తీసివేతలు చేసినట్లు ఆ పిల్లకు తెలియనే లేదు.

నేడు పిల్లల చేతికి ఫోను అందుబాటులో ఉన్నది. ఏ చిక్కు ప్రశ్న వేసినా క్షణంలో జవాబు కనిపిస్తుంది. ఫోనును నిందించే అర్హత మాకు లేదు. 2004లో మేము చేసిన పనినే అది నేడు చేస్తున్నది. పిల్లవాడి గుప్పిట విప్పి, ముక్కను అమర్చిపెడుతున్నది.

మళ్ళీ దిగిన పెట్టె

2024 సంక్రాంతికి మా అబ్బాయి ఇంటికి వచ్చాడు. ఇప్పుడు ఉద్యోగం చేసుకుంటున్నాడు. బీరువా సర్దుతుంటే ఆ పెట్టె బయటపడింది. ఇన్నేళ్ళుగా అడగలేనిది ఆనాడు అడిగాము. వాడు నవ్వాడు. "నాకు తెలియక కాదు నాన్నా. మనది కదా అని చివరకు దాచుకున్నాను. అమ్మను కూడా పిలిచి, మీ ఇద్దరి ముందూ పెడదామనుకున్నాను" అన్నాడు. కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే మాకు కొంత తేలికగా ఉండేది.

ఆ తరువాత నెలనుంచి ఆదివారం ఉదయం మన కమ్యూనిటీ హాలులో పదిమంది పిల్లలను కూర్చోబెట్టుకుంటున్నాము. ఫోనులు ఇంట్లో వదిలి రావాలన్నది ఒక్కటే నియమం. ఇంట్లో పెద్దలను ఏదైనా అడగవచ్చు. ఒక ఆదివారం ఆ పాత పటాన్ని తీసుకువెళ్ళాము. టౌన్‌షిప్ అంటే చిన్న భారతదేశమే కదా! ఎవరి రాష్ట్రం కోసం వారు వెతుక్కున్నారు. కరీంనగర్ పిల్లవాడు ముక్కలన్నీ గాలించి, "అంకుల్, ఇందులో మా తెలంగాణ లేదు" అన్నాడు. డెహ్రాడూన్ అమ్మాయి తమ రాష్ట్రం పేరు ఉత్తరాంచల్ అని రాసి ఉన్నదని ఫిర్యాదు చేసింది. కటక్ పిల్లలు ఒరిస్సా అన్న పేరు చూసి నవ్వారు. లడాఖ్ విడిగా లేదని మరొకరు కనిపెట్టారు. పటం తప్పుల తడక అని అందరూ తీర్మానించారు.

"తప్పు కాదు, పాతది. ఎప్పటిదో మీరే చెప్పండి" అన్నాము.

మరుసటి ఆదివారానికి ఇళ్ళలో అడిగి, హాలులోని పాత అట్లాసులు తిరగేసి వచ్చారు. బోర్డు మీద సంవత్సరాలు రాశారు. ఛత్తీస్‌గఢ్, జార్ఖండ్, ఉత్తరాంచల్ ఏర్పడినది 2000. ఉత్తరాంచల్ పేరు ఉత్తరాఖండ్‌గా మారినది 2007. ఒరిస్సా ఒడిశా అయినది 2011. తెలంగాణ ఏర్పడినది 2014. లడాఖ్ విడివడినది 2019. అందరూ ఒకేసారి మాట్లాడుతుండగా, తొమ్మిదేళ్ళ పాప ఒకతె లేచి, "ఛత్తీస్‌గఢ్ ఉన్నది కాబట్టి 2000 తరువాత. పేరు ఇంకా ఉత్తరాంచలే కాబట్టి 2007కు ముందు. మిగతావి చూడక్కరలేదు" అన్నది. మా టెక్నీషియన్‌గారి కాగితం మా కళ్ళ ముందు మెదిలింది.

పటం అమర్చడం పూర్తి కావచ్చింది. చివరకు మిగిలిన ముక్క అందరికన్నా చిన్నవాడి చేతిలో ఉన్నది. ఆరేళ్ళవాడు. గుప్పిట బిగించి ఖాళీ వంక చూస్తూ నిలబడ్డాడు. ఎంతసేపటికీ పెట్టడు. మా కుడిచెయ్యి కదలడం మేమే గమనించి, రెండు చేతులూ వెనక్కి కట్టుకున్నాము. వాడు తలుపు వంక చూశాడు. వాళ్ళమ్మ వాడిని తీసుకువెళ్ళడానికి వస్తున్నది. ఆవిడ లోపలికి అడుగుపెట్టిన తరువాత, "అమ్మా, చూడు" అని ముక్కను ఖాళీలో ఉంచాడు.

పాఠకులకు ఒక్క మనవి. ఈ రాత్రి భోజనాలయ్యాక మీ వంటింట్లో నాలుగు పళ్ళాలు పేర్చి, మీ పిల్లలకు పైన చెప్పిన ఆట చెప్పండి. మూడింటికి 7 ఎత్తులు. మరి నాలుగింటికి ఎన్ని? అయిదింటికి ఎన్ని? జవాబు మేము ఇక్కడ రాయడం లేదు. వచ్చే సంచికలో కూడా రాయము.